మన చదువులో లైబ్రరీ సిబ్బంది వాటా

ఇది కొంచెం పెద్ద పోస్ట్. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఒప్పుకోని మాట ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఆగస్టు వస్తే మనకి గుర్తొచ్చేది 9వ తేదీ, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. క్యాంపస్‌లో ర్యాలీ, డోలు, థింసా, కొమరం భీం ఫొటోకి పూలదండ. సరిగ్గా మూడు రోజుల తర్వాత, 12న, యూనివర్సిటీల్లో ఇంకో కార్యక్రమం జరుగుతుంది. లైబ్రేరియన్స్ డే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి పేరుతో జరుపుతారు. అలాంటి రోజు ఒకటుందని మనలో చాలామందికి తెలీదు. తెలిసినా అది వాళ్ళ డిపార్ట్‌మెంట్ సంగతి, మనకెందుకులే అనుకుంటాం.

ఆ సభలు ఎలా జరుగుతాయో చూసినవాళ్ళకి తెలుసు. వేదిక మీద పెద్దలు. రంగనాథన్ గారి ఫొటోకి దండ. రెండు మూడు ఉపన్యాసాలు. పెద్ద పోస్టులో ఉన్న ఒకరిద్దరికి శాలువాలు. మరి ఆ కుర్చీలు వేసింది, మైకు సర్దింది, టీ పంచింది ఎవరు? ఏడాదంతా మనకి పుస్తకాలు వెతికి ఇచ్చినవాళ్ళే. వాళ్ళ పేరు ఆ మైకులో ఒక్కసారి కూడా వినపడదు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. లైబ్రరీ నడిచేది జట్టు పని మీద. గుర్తింపు ఇస్తే ఆ జట్టు మొత్తానికి ఇవ్వాలి, అవుట్‌సోర్సింగ్ అటెండర్ నుంచి రాత్రి వాచ్‌మన్ దాకా. ఈ మాట అడగడానికి మిగతావాళ్ళకంటే ఎక్కువ కారణం మన గిరిజన విద్యార్థులకే ఉంది.

*మనకే ఎందుకు?*

మనలో ఎక్కువమంది ఆశ్రమ పాఠశాలల నుంచో, గురుకులాల నుంచో వచ్చినవాళ్ళం. అక్కడ లైబ్రరీ అంటే చాలా చోట్ల హెడ్మాస్టర్ గదిలో ఒక ఇనప బీరువా. తాళం ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలీదు. అట్లాంటి చోటు నుంచి వచ్చి, మూడు అంతస్తుల్లో లక్షల పుస్తకాలున్న బిల్డింగ్ ముందు నిలబడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బ్యాగు బయట కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఐడీ కార్డు చూపించాలి. లోపల ఒక కంప్యూటర్ ఉంటుంది, అందులో పుస్తకం పేరు కొట్టాలి. అంతా ఇంగ్లీషు. పక్కన కూర్చున్నవాడు చకచకా కొట్టేసి నంబరు రాసుకుని వెళ్ళిపోతాడు. వాడికి ఇంట్లో అక్కో, బావో ముందే చదువుకుని ఉంటారు. ఎలా వెతకాలో వాళ్ళు చెప్పి పంపించారు.

మనకి ఆ అక్క, ఆ బావ ఎవరు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటింది మనమే అయినప్పుడు, "తమ్ముడూ, ఏం కావాలి? ఏ సబ్జెక్టు?" అని అడిగిన ఆ కౌంటర్ మనిషే మనకి ఆ అక్క, ఆ బావ. హాస్టల్ ఆఫీసులో స్కాలర్‌షిప్ కోసం నిలబడతాం, అకడమిక్ సెక్షన్లో సర్టిఫికెట్ కోసం నిలబడతాం. అక్కడ మనం ఒక ఫైలు. లైబ్రరీలో మాత్రం మనల్ని పాఠకుడు అంటారు. ఆ తేడా చిన్నది కాదు.

ఇదే లైబ్రరీ వేరే విద్యార్థికి ఒక సౌకర్యం. పుస్తకం దొరక్కపోతే కొనుక్కుంటాడు, లేదా రూములో ల్యాప్‌టాప్‌లో చదువుకుంటాడు. మనకి కొనే స్థోమత లేదు. రూములో ఆరుగురు ఉంటారు. సెలవుల్లో ఊరెళ్తే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అందుకే లైబ్రరీ ఒక గంట ముందు మూసేసినా, ఒక సెక్షన్ మనిషి లేక మూతపడినా, ఎక్కువ దెబ్బ తగిలేది మనకే.

*ఒక పుస్తకం చేతికి రావాలంటే*

పుస్తకం ర్యాకులో దానంతట అదే ఉండదు. కొంచెం లోపలికి వెళ్ళి చూద్దాం.

ముందు ఏ పుస్తకం కొనాలో డిపార్ట్‌మెంట్ నుంచి జాబితా రావాలి. ఆ జాబితాలో ఉన్నవి ఇప్పటికే మన దగ్గర ఉన్నాయా లేవా అని ఒకరు సరిచూడాలి. ఆర్డరు, బిల్లు. పుస్తకం వచ్చాక యాక్సెషన్ రిజిస్టర్లో దానికో నంబరు పడుతుంది. పుట్టిన పిల్లకి జనన నమోదు లాంటిది అది. తర్వాత ఏ విషయం కింద పెట్టాలో తేల్చి వర్గీకరణ నంబరు వేయాలి. చాలా లైబ్రరీల్లో వాడే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఉంటుంది. ఆ నంబరు తర్వాత రచయిత పేరు గుర్తు. ఆపైన కంప్యూటర్లో ఎక్కించడం, వెన్ను మీద లేబుల్ అంటించడం, బార్‌కోడ్ వేయడం, ముద్ర కొట్టడం. అప్పుడు ర్యాకులోకి.

అక్కడితో అయిపోయిందా అంటే, అసలు పని అప్పుడే మొదలవుతుంది. రోజూ సాయంత్రానికి టేబుళ్ళ మీద మనం వదిలేసిన పుస్తకాలు గుట్టలు. వాటిని మళ్ళీ నంబరు ప్రకారం ఎవరో సర్దాలి. ఇది చూడ్డానికి చిన్న పని. కానీ లైబ్రరీలో తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. కంప్యూటర్ "ఉంది" అంటుంది, ర్యాకులో ఉండదు. అందుకే పెద్ద డిగ్రీలున్న లైబ్రేరియన్ ఎంత బాగా వర్గీకరించినా, సాయంత్రం ర్యాకులు సర్దే అటెండర్ నంబరు సరిగ్గా చూడకపోతే అదంతా వృథా. అటెండర్ ఎంత బాగా సర్దినా, లేబుల్ తప్పు పడితే అదీ వృథా. చినిగిన పుస్తకం బైండింగ్‌కి వెళ్ళకపోతే వచ్చే ఏడాది జూనియర్ చేతికి సగం పేజీలే వస్తాయి. తుడిచేవాళ్ళు, చెద చూసేవాళ్ళు లేకపోతే అవి కూడా మిగలవు. రాత్రి పది దాకా రీడింగ్ రూమ్ తెరిచి ఉంచి, మన చెల్లెళ్ళు భయం లేకుండా చదువుకునేలా చూసే సెక్యూరిటీ మనిషి కూడా ఈ వరసలో ఉన్నాడు.

రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు రాశారు. పుస్తకాలున్నది వాడుకోడానికి. ప్రతి పాఠకుడికి తన పుస్తకం అందాలి. ప్రతి పుస్తకానికి తన పాఠకుడు దొరకాలి. పాఠకుడి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. వినడానికి తేలిగ్గా ఉంటాయి. కానీ ఈ ఐదింట్లో ఒక్కటి కూడా ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. నాలుగో సూత్రాన్నే తీసుకోండి. మన సమయం మిగలాలంటే తన సమయం ఖర్చు పెట్టేవాళ్ళు తెర వెనక ఒక పది మంది ఉండాలి.

*పేరు తెలిస్తేనే పుస్తకం దొరుకుతుంది*

మన గురించి రాసిన పుస్తకాలు వెతకడంలో ఇంకో చిక్కు ఉంది. ఇది మన గ్రూపులో పరిశోధన చేసేవాళ్ళకి బాగా తెలుసు. మనల్ని మనం పిలుచుకునే పేరు ఒకటి, పుస్తకం మీద పేరు ఇంకొకటి.

కొండరెడ్ల గురించి హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. దాని పేరు "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్". బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలు. కొండరెడ్డి అని కొడితే కంప్యూటర్ ఏం చూపిస్తుంది? ఏమీ చూపించకపోవచ్చు. థర్‌స్టన్, రంగాచారి కలిసి తెచ్చిన ఏడు సంపుటాలు 1909 నాటివి. అందులో ఎరుకల వాళ్ళ గురించి చదవాలంటే "కొరవ" అనే చోట చూడాలి. బంజారా తమ్ముళ్ళు "లంబాడీ" దగ్గర చూడాలి. సవరల మత జీవితం మీద వెరియర్ ఎల్విన్ రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది, "ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్". పేరులో సవర అన్న మాటే లేదు! గిడుగు రామమూర్తి గారు 1931లో తెచ్చిన సవర భాషా వ్యాకరణం పేరులో సోరా అన్న మాట మధ్యలో రెండు చుక్కలు పెట్టి రాశారు. మనం మామూలుగా కొడితే అది తగులుతుందో లేదో చెప్పలేం.

నేను చదివిన యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పెద్దాయన ఉండేవాడు, అటెండర్. సవరల మీద పని చేస్తున్న మా సీనియర్ కంప్యూటర్ దగ్గర కుస్తీ పడుతుంటే చూసి, "అమ్మా, అందులో సవర అని కొడితే రాదు. ఎల్విన్ అని కొట్టు" అన్నాడట. ఆయనకి ఎట్లా తెలుసు? అంతకు ముందు ఎవరో విద్యార్థి మూడు రోజులు వెతికితే ఆయనే పక్కన ఉండి ర్యాకులన్నీ తిరిగాడు. అప్పట్నుంచి గుర్తుంది. ఆయనకి గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ లేదు. కానీ మా ముందు బ్యాచ్‌లు పడ్డ కష్టమంతా ఆయన దగ్గర జమ అయి, తర్వాతి బ్యాచ్‌కి దారి అయింది. కంప్యూటర్ సెక్షన్లో ఉన్న మేడమ్ ఆయన చెప్పిన మాట విని, ఆ పుస్తకం ఎంట్రీలో సవర అనే పదం కూడా చేర్చింది. ఇప్పుడు మన పిల్లలు సవర అని కొడితే వస్తుంది.

జట్టు పని అంటే ఇదే అన్నలారా. ఒకరికి జ్ఞాపకం ఉంది, ఇంకొకరికి కంప్యూటర్ తెలుసు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఇందులో ఎవరికి అవార్డు ఇస్తాం? ఒక్కరికే ఇస్తే రెండోవాళ్ళకి అన్యాయం. ఆ పెద్దాయన రిటైరయ్యాడు. ఆ పోస్టులో మళ్ళీ మనిషిని వేయలేదు. ఆయన తలలో ఉన్నదంతా ఆయనతోనే వెళ్ళిపోయింది.

*దూరంగా ఉన్న చేతులు*

ఇంకో ఉదాహరణ చెప్తా. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండు గూడేల్లో, నల్లమల చెంచు పెంటల్లో తిరిగి వేల ఫొటోలు తీశాడు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల చదువు కోసం, టీచర్ల శిక్షణ కోసం పని మొదలైంది ఆయన చొరవతోనే. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్లో సోయాస్ అనే యూనివర్సిటీ సంస్థ లైబ్రరీలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. ఇప్పుడు ఉట్నూరులో కూర్చున్న ఒక తమ్ముడు ఫోన్లో తన తాతల నాటి మనుషుల్ని చూడగలుగుతున్నాడు. ఫొటో తీసినాయన పేరు ప్రపంచమంతా తెలుసు. ఒక్కో నెగెటివ్ తుడిచి, స్కాన్ చేసి, ఊరి పేరు, తెగ పేరు, తేదీ రాసి, మనకి వెతికితే దొరికేలా పెట్టిన లైబ్రరీ జట్టు పేరు మనలో ఎవరికి తెలుసు?

మన యూనివర్సిటీల్లో చాలా చోట్ల కేటలాగ్ నడిచే సాఫ్ట్‌వేర్ పేరు కోహా. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీల కోసం తయారై 2000లో బయటకొచ్చింది. "కోహా" అనేది మావోరీ మాట, అక్కడి ఆదివాసుల భాష. కానుక అని అర్థం. ఆ లైబ్రరీ వాళ్ళు తమ కోసం చేయించుకున్నదాన్ని అమ్ముకోలేదు, అందరికీ ఇచ్చారు. తర్వాత ఎన్నో దేశాల లైబ్రరీ మనుషులు దాన్ని బాగుచేస్తూ వచ్చారు. అంటే మనం ప్రతిరోజూ కంప్యూటర్లో పుస్తకం వెతికేటప్పుడు ఒక ఆదివాసీ మాటని, ఒక జట్టు కష్టాన్ని తాకుతున్నాం.

*జీతం తీసుకుంటున్నారు కదా?*

ఈ విషయం మొన్న కొందరు మిత్రులతో మాట్లాడితే మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ ఆలోచించాల్సినవే.

మొదటిది: "వాళ్ళు జీతం తీసుకుంటున్నారు, పని చేస్తున్నారు. ఇందులో సేవ ఏముంది?" నిజమే, జీతానికే పని చేస్తున్నారు. వీసీ గారు కూడా జీతానికే పని చేస్తున్నారు, ఆయనకి సన్మానాలు ఆగలేదే! జీతం అనేది గంటలకి ఇస్తారు. "అందులో రాదు, ఇలా కొట్టు" అని లేచి వచ్చి చెప్పడం ఆ గంటల్లో రాసి లేదు. చెప్పకపోయినా ఎవరూ అడగరు. అడగని పని చేసినప్పుడే అది సేవ.

రెండోది: "అందరూ అట్లా ఉంటారా? కొందరు కసురుతారు, కులం చూస్తారు, మన భాష చూసి నవ్వుతారు." అవును, ఉంటారు. మనలో చాలామంది అలాంటి మాటలు పడ్డవాళ్ళమే. అందుకే అందరికీ కలిపి ఒక దండ వేసేసి చేతులు దులుపుకోకూడదు. మంచి పని ఎవరు ఏం చేశారో విడమరిచి చెప్పాలి. అలా చెప్తే మంచి ప్రవర్తన ఎలా ఉంటుందో ఆ బిల్డింగ్‌లో అందరికీ ఒక కొలత దొరుకుతుంది. తప్పు చేసినవాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికీ అప్పుడు మనకి బలం ఉంటుంది. మంచిని ఎప్పుడూ గుర్తించనివాడు చేసే ఫిర్యాదుకి విలువ తక్కువ.

మూడోది: "ఇది ఉద్యోగ సంఘాల పని, విద్యార్థులకెందుకు?" దీనికి జవాబు పోస్టుల లెక్కలో ఉంది. యూజీసీ 2018 నిబంధనలు చూడండి. అసిస్టెంట్ లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, లైబ్రేరియన్. ఈ మెట్లకి అర్హతలు, ప్రమోషన్లు అన్నీ వివరంగా రాసి ఉన్నాయి. ఆ కింద పనిచేసే లైబ్రరీ అసిస్టెంట్లు, అటెండర్లు, బైండర్లు అందులోకి రారు, బోధనేతర సిబ్బంది లెక్కలోకి పోతారు. అంతకంటే కింద అవుట్‌సోర్సింగ్ వాళ్ళున్నారు. వాళ్ళు యూనివర్సిటీ మనుషులు కూడా కాదు కాగితం మీద. మనకి ఏజెన్సీ అంటే ఊరు. వాళ్ళకి ఏజెన్సీ అంటే జీతం ఇచ్చే కాంట్రాక్టరు. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, పదేళ్ళు చేసిన మనిషి మళ్ళీ కొత్తగా చేరినట్టు లెక్క. వాళ్ళ తరఫున మాట్లాడే సంఘం చాలా చోట్ల ఉండదు. ఉన్నా వాళ్ళు గొంతు ఎత్తడం కష్టం. రోజూ వాళ్ళ పని చూసేది మనం. సాక్ష్యం మన దగ్గర ఉంది.

పైగా ఆ ఖాళీలు మన మీదే పడతాయి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" అని ఒక పథకం ఆమోదించింది. మూడేళ్ళకి 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్ళు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. చాలా మంచిది. కానీ పాడేరు నుంచో, ఏటూరునాగారం నుంచో వచ్చిన ఒక పిల్లకి ఆ జర్నల్ ఎలా తెరవాలో, అందులో తనకి పనికొచ్చే వ్యాసం ఎలా వెతకాలో పక్కన కూర్చుని చూపించేది ఎవరు? జర్నల్ కొనడానికి డబ్బు వచ్చింది. చూపించే మనిషి పోస్టు ఖాళీగా ఉంటే ఆ డబ్బు మనదాకా రాదు.

*వేటలో వాటా*

ఈ ఆలోచన మనకి కొత్తది కాదు. పోడు కొట్టేటప్పుడు, ఇల్లు కప్పేటప్పుడు ఒకరికొకరు సాయం పోతాం. ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తక్కువ చేశారు అని కొలవం. పెద్దలు వేటకి పోయిన రోజుల కథలు మనం వింటూనే పెరిగాం. బాణం తగిలించినవాడికి గౌరవం ఉంటుంది. కానీ అడవిలో అరుచుకుంటూ జంతువుని తోలినవాళ్ళకి కూడా వాటా పంచుతారు. వాళ్ళు తోలకపోతే బాణం ఎక్కడ తగిలేది? గోండు అన్నల పలకరింపులోనే "జై సేవా" అని ఉంది.

యూనివర్సిటీలో జరిగేది దీనికి తలకిందులు. పీహెచ్‌డీ వచ్చింది నీకు, పేరు వచ్చింది గైడుకి. తోలినవాళ్ళకి ఏం మిగిలింది? థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ తీసి చూడండి. దేవుడి దగ్గర మొదలై, గైడు, డీన్, స్నేహితులు, చిన్నాన్న కొడుకు దాకా పేర్లు ఉంటాయి. అన్నిటి చివర "లైబ్రరీ సిబ్బందికి కూడా ధన్యవాదాలు" అని ఒక ముక్క. పేర్లు లేవు, ఏం చేశారో లేదు. యూజీసీ 2009 నిబంధనల నుంచి థీసిస్‌లు నెట్‌లో పెడుతున్నారు, శోధ్‌గంగలో ఎవరైనా చూడొచ్చు. అంటే ఆ పేజీ ఇప్పుడు అలమరాలో మూలుగుతున్న కాగితం కాదు, దేశమంతా చదవగలిగే రికార్డు. అందులో ఒక అటెండర్ పేరు, చేసిన పని రాస్తే అది ఎప్పటికీ ఉంటుంది.

జట్టుకి అవార్డు ఇవ్వడం కుదరదు అనేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో కాలేజీ, పరిశోధన లైబ్రరీల సంఘం 2000 నుంచి ఒక అవార్డు ఇస్తోంది. అది ఏ ఒక్క లైబ్రేరియన్‌కో ఇచ్చేది కాదు. ఒక కాలేజీ లైబ్రరీ సిబ్బంది మొత్తానికి, ఒక యూనివర్సిటీ లైబ్రరీ సిబ్బంది మొత్తానికి. వాళ్ళు చేయగలిగినప్పుడు, కలిసి పని చేయడమే బతుకుగా ఉన్న మనం చేయలేమా?

*మనం ఏం చేయొచ్చు?*

ఖర్చు పెద్దగా లేని పనులే చెప్తున్నా. ఏ క్యాంపస్‌లో ఉన్న యూనిట్ అయినా మొదలుపెట్టొచ్చు.

1. ఈసారి ఆగస్టు 9 కార్యక్రమంలో ఒక పావుగంట లైబ్రరీ జట్టుకి కేటాయిద్దాం. వాళ్ళని పిలిచి ముందు వరసలో కూర్చోబెడదాం. కుర్చీలు మనం వేద్దాం, టీ మనం ఇద్దాం. లేదంటే 12న వాళ్ళ సభకి మనమే వెళ్ళి, మాట్లాడటానికి అయిదు నిమిషాలు అడుగుదాం.

2. వ్యక్తిని ఎంచకుండా సెక్షన్నో, షిఫ్టునో ఎంచుదాం. సాయంత్రం షిఫ్టు, బైండింగ్ సెక్షన్, రాత్రి రీడింగ్ రూమ్ జట్టు, ఇలా. పర్మనెంట్, కాంట్రాక్టు, స్వీపర్, సెక్యూరిటీ అని తేడా లేకుండా అందరి పేర్లూ చదువుదాం.

3. ఎంచేటప్పుడు "మంచివాళ్ళు" అని ఊరికే రాయొద్దు. జరిగిన ఒక సంగతి రాయాలి. ఏ రోజు, ఏ పుస్తకం, ఎవరెవరు కలిసి ఏం చేశారు. పది మంది విద్యార్థులు పది సంగతులు రాస్తే అదే జట్టు పనికి రుజువు.

4. శాలువాకి పెట్టే డబ్బుతో ఒక ఉత్తరం రాయిద్దాం. విద్యార్థుల సంతకాలతో లైబ్రేరియన్ గారికి ఇచ్చి, ఆ మనిషి ఏ తేదీ నుంచి ఏ పని చేస్తున్నాడో ఆయన సంతకంతో అనుభవ పత్రం ఇప్పించమని అడుగుదాం. ఏజెన్సీ మారినా, రేపు రెగ్యులర్ నోటిఫికేషన్ వచ్చినా ఆ కాగితం వాళ్ళకి పనికొస్తుంది. శాలువా బీరువాలో ఉంటుంది, కాగితం కోర్టుదాకా కూడా పోతుంది.

5. న్యాక్ బృందం వచ్చినప్పుడు విద్యార్థులతో మాట్లాడతారు. న్యాక్ కొలతల్లో లైబ్రరీకి విడిగా ఒక భాగం ఉంది. ఆ రోజు గోడలకి రంగు బాగుందని చెప్పి ఊరుకోకుండా, పని చేసే మనుషుల సంగతి, ఖాళీ పోస్టుల సంగతి కూడా చెప్పాలి.

6. మన తెగల పేర్లు, వాటికి పాత పుస్తకాల్లో ఉన్న వేరే పేర్లు కలిపి ఒక జాబితా తయారు చేసి లైబ్రరీకి ఇద్దాం. కోయ, కోయి, కోయతూర్, గోండు, రాజ్‌గోండు, లంబాడా, లంబాడీ, సుగాలి, బంజారా. ఇలా అన్నీ. అది మన తరఫున లైబ్రరీ జట్టుకి ఇచ్చే సాయం. మన తర్వాత వచ్చే పిల్లలకి దారి కూడా.

7. థీసిస్, డిసర్టేషన్, చివరికి ప్రాజెక్టు రిపోర్టు అయినా సరే, కృతజ్ఞతల పేజీలో లైబ్రరీ మనుషుల పేర్లు, చేసిన పని రాయండి. రాసే ముందు వాళ్ళని ఒక మాట అడగండి. మనం "అన్నా" అని పిలిచే మనిషి పూర్తి పేరు మనకి తెలీదని అప్పుడు అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సేవ, త్యాగం అని పొగిడేసి జీతం సంగతి మరిపించడం మన దేశంలో పాత అలవాటు. ఆశా వర్కర్లని, అంగన్‌వాడీ అక్కల్ని చూస్తున్నాం కదా. పొగడ్తలకి కొదవ లేదు, జీతం అడిగితే మాత్రం రోడ్డెక్కాలి. మనం చేసే గుర్తింపు అట్లా కాకూడదు. పేరు చదివిన నోటితోనే "ఈ మనిషికి టైముకి జీతం ఇవ్వండి, ఖాళీ పోస్టులు నింపండి" అని అడగాలి. రెండూ కలిసి ఉంటేనే అది గౌరవం.

చివరగా మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. పుస్తకాలంటే ఇష్టం ఉండి, డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియనివాళ్ళు గ్రంథాలయ శాస్త్రం వైపు చూడండి. డిగ్రీ తర్వాత బీఎల్‌ఐఎస్సీ, ఆపైన ఎంఎల్‌ఐఎస్సీ ఉంటాయి. యూజీసీ నెట్‌లో కూడా ఈ సబ్జెక్టు ఉంది. విజయనగరం వైపు ఒకటి, ములుగులో ఒకటి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. వాటి లైబ్రరీలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. అక్కడ ఏ పుస్తకాలు చేరాలి, మన తెగలకి ఏ పేరు వేయాలి, మన ముసలివాళ్ళ పాటలు ఎక్కడ భద్రపరచాలి అని తేల్చే కుర్చీల్లో మనవాళ్ళు ఉండాలి. కౌంటర్ అవతల కూడా మన భాష వినపడాలి. గూడెం నుంచి మొదటిసారి వచ్చి గుమ్మం దగ్గర తటపటాయిస్తున్న పిల్లని "ఏ ఊరమ్మా మీది?" అని తన భాషలోనే పలకరించే మనిషి లోపల ఉంటే, ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్ళిపోదు.

ఆగస్టుకి ముందే మీ క్యాంపస్ లైబ్రరీలో పనిచేసే అందరి పేర్లు రాసి పెట్టుకోండి. ఎంతమందివి తెలుసో, ఎంతమందివి తెలీదో మీకే అర్థమవుతుంది. పని అక్కడ్నుంచే మొదలుపెడదాం.

జోహార్లు.